కీమో తర్వాత జ్వరమా? తెల్లారేదాకా ఆగొద్దు

ప్రశ్న: అమ్మకు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రిలో కీమో ఎక్కించాక రైల్లో జగదల్‌పూర్ వచ్చేస్తాం. వారం తిరిగేసరికి నోటిపూత, నీరసం. ఎర్రచీమల చాప్డా పచ్చడి పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, బస్తర్

జవాబు: వద్దమ్మా. పులుపు, కారం పుండ్లను మండిస్తాయి. పైగా అది పచ్చి పదార్థం. కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి, ఇన్ఫెక్షన్లు తేలిగ్గా సోకుతాయి. మండియా పేజ్ (రాగి జావ) మంచిదే, రాత్రి మిగిలింది కాకుండా అప్పటికప్పుడు కాచి చల్లార్చింది ఇవ్వండి. లీటరు కాచిన నీళ్లలో టీస్పూను ఉప్పు, టీస్పూను వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి.

ఇంట్లో థర్మామీటరు ఉండాల్సిందే. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే పారాసిటమాల్ వేసి చూద్దామనుకోవద్దు, విశాఖ రైలు కోసమూ ఆగొద్దు. అర్ధరాత్రయినా కీమో కాగితాలు పట్టుకుని జగదల్‌పూర్‌లోని డిమ్రాపాల్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి.