పాత ఇంటికి కొత్త కిటికీ



సంతబొమ్మాళి మండలంలో పాత ఇంటి కిటికీ మార్చడానికి వెళ్లిన పనివాడు ముందు ఊచల్ని చూస్తాడు. నౌపడ ఉప్పుమడులు, భావనపాడు సముద్రం దగ్గరే కదా, ఇక్కడి గాలిలోనే ఉప్పుంటుంది. తేమ 75 శాతం దాటితే ఇనుము మీద పేరుకున్న ఉప్పు ఆ తేమను పీల్చుకుని నీరవుతుంది. వాన లేని రోజు కూడా ఊచ తడిగానే ఉంటుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఊచ దిగిన చోట చట్రం పగులుతుంది. ఆ పగుల్లోకి నీరు, నీటి వెనకే చెదలు.

అలాగని చట్రమంతా పీకెయ్యక్కర్లేదు. స్క్రూడ్రైవర్ మొనతో కింది మూలల్ని పొడిచి చూడాలి. మెత్తగా దిగితే చివికినట్టే. గట్టిగా నిలిస్తే పాత టేకు చట్రం ఉంచేసి రెక్కలు, బందులు, ఊచలు మారిస్తే చాలు.

తియ్యక తప్పకపోతే తొందర పనికిరాదు. పాత సున్నం గోడల్లో కిటికీ పైన చెక్క దూలమో ఇటుక కమానో ఉంటుంది. ఏళ్లు గడిచేసరికి దాని బరువు కొంత చట్రం మీదికి జారి ఉండవచ్చు. అందుకే ముందు ఊతకర్రలు, తర్వాతే గునపం. కొత్తదానికి వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలిచి చిన్న కొలతనే తీసుకోవాలి. మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిస్తే గోడ వంకర తెలుస్తుంది. చట్రం చుట్టూ 5 నుంచి 10 మిల్లీమీటర్ల సందు ఉంచి, రసమట్టంతో సరిచూసి, స్క్రూలను ఇటుకలోకే దించాలి, సున్నం అతుకులోకి కాదు. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువైతే మేలు. అందులోని మాలిబ్డినం వల్ల 304 కంటే ఉప్పుకు బాగా ఓర్చుకుంటాయి. గోడ మాట్లకు సున్నం, ఇసుకే వాడాలి. గట్టి సిమెంటు గోడలోని తేమను బయటికి పోనివ్వదు.

కొత్త కిటికీ యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌దైతే తుప్పు భయం లేదు. అయితే లోపల స్టీలు పట్టీ ఉందో లేదో చూసుకోవాలి, కింది పట్టాలోని నీటి కన్నాలు సిమెంటుతో పూడిపోకుండా కాపాడాలి.

ఇక గాలి సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో మనకు ఉత్తరాన పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మన తుపాన్ల గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుపాను కేంద్రం అలా ఉత్తరాన దాటితే దక్షిణాన ఉన్న ఊళ్లకు గాలి పడమటి నుంచి, భూమి మీదుగా వస్తుంది. సముద్రం వైపు కిటికీకి మంచి గడియలు బిగించి, పడమటి కిటికీకి కొక్కెంతో సరిపెట్టిన ఇంట్లో ముందు ఊడేది ఆ పడమటి రెక్కే. అది ఊడితే లోపలికి దూరిన గాలి పెంకుల్నీ రేకుల్నీ కింది నుంచి ఎత్తేస్తుంది. అందుకని నాలుగు వైపులా పైనా కిందా గడియలు ఉండాల్సిందే.

అక్టోబరు రాకముందే పని ముగించి, బయటి నుంచి గొట్టంతో నీళ్లు కొట్టి చూడాలి. కింద మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి, లోపల ఒక మనిషి నిలబడాలి. నీళ్లు ఏ ఎత్తుకు చేరినప్పుడు లోపల తడి కనిపిస్తే, సందు ఆ ఎత్తులో ఉన్నట్టు.