పేరు మాస్... కానీ మాస్ కాదు!


"మాస్ మొక్కలు పూలు పూయవు" అని ఏడో తరగతిలో చెప్పాను. "మా బాల్కనీలో స్పానిష్ మాస్ పూసింది టీచర్" అంది ఒక పాప. నమ్మకుండా కూర్చోమన్నాను. ఇంటికెళ్లి చదివితే పాపే కరెక్ట్! మర్నాడు క్లాసులో అందరి ముందూ ఒప్పుకున్నాను.

స్పానిష్ మాస్ అసలు నాచు జాతి కాదు. అనాస కుటుంబానికి చెందిన పూల మొక్క. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి అర్జెంటీనా వరకు చెట్లకు బూడిదరంగు జడల్లా వేలాడుతుంది. చెట్టు నుంచి ఆహారం తీసుకోదు కాబట్టి పరాన్నజీవి కాదు. ఎదిగిన మొక్కకు వేళ్లుండవు. ఆకుల మీది సన్నని పొలుసులే నీటిని పీల్చుకుంటాయి. పూలు చాలా చిన్నవి, వెతికితేనే కనిపిస్తాయి.

పెంచడం ఎలా?
• కుండీ, మట్టి అక్కర్లేదు. గాలి ఆడేచోట వేలాడదీయండి. రాగి తీగ వద్దు.
• వెలుతురు కావాలి, మండుటెండ వద్దు.
• వారానికి రెండుసార్లు 20 నిమిషాలు నీళ్లలో ముంచి, దులిపి ఆరనివ్వండి. తడి నిలిస్తే కుళ్లిపోతుంది.

ఇంట్లో యాక్టివిటీ: తడపగానే బూడిదరంగు మొక్క ఆకుపచ్చగా మారుతుంది. ఎందుకో పిల్లలనే ఊహించనివ్వండి.

"టీచర్ చెప్పింది ఇలా కాదే" అని మీ పిల్లలంటే ఆపకండి. డైరీలో రాసి పంపండి.