పోటీ పరీక్షల ప్రత్యేకం: సాంద్రతా మాత్రిక, ఉష్ణీయ సగటు

ఒక వ్యవస్థ ఏ క్వాంటమ్ స్థితియందున్నదో నిశ్చయముగా తెలియక, ఆయా స్థితుల సంభావ్యతలు మాత్రమే తెలిసియున్నప్పుడు, ఆ యెరుకనంతటిని ఇముడ్చుకొనునది సాంద్రతా మాత్రిక. 1927లో వాన్ నాయ్‌మన్, లాండౌ వేర్వేరుగా ప్రవేశపెట్టిరి. ఇద్దరి పేర్లును గుర్తుంచుకొనవలెను.

వికర్ణ మూలకముల మొత్తము ఎల్లప్పుడు 1. మాత్రికను వర్గము చేసినపిమ్మట ఆ మొత్తము 1గానే నిలిచిన శుద్ధస్థితి, తగ్గిన మిశ్రమస్థితి. (తప్పక అడుగుదురు.) సమసంభావ్యతగల రెండు స్థితుల వ్యవస్థకు అది 1/2.

స్థిరోష్ణోగ్రత వద్ద సమతాస్థితి నొందిన వ్యవస్థలో ప్రతి శక్తిస్థాయి సంభావ్యతయు బోల్ట్జ్‌మన్ గుణకమును విభాజన ప్రమేయముచే భాగించగా వచ్చును. ఏ భౌతికరాశికైనను ఉష్ణీయ సగటు కావలెనన్న, ఆ రాశి మాత్రికను సాంద్రతా మాత్రికతో గుణించి వికర్ణమును కూడవలెను. బోల్ట్జ్‌మన్ స్థిరాంకము 1.380649×10⁻²³ జౌల్/కెల్విన్, 2019 మే 20 నుండి నిర్వచనముచేతనే స్థిరము.

ప్రయోగమున దీనికి సాక్ష్యము రామన్ వర్ణపటము. కార్బన్ టెట్రాక్లోరైడు 459 సెం.మీ.⁻¹ కంపనమునకు, 300 కెల్విన్ల వద్ద, పై స్థాయికిని క్రింది స్థాయికిని గల సంఖ్యానిష్పత్తి సుమారు 0.11, ప్రతిస్టోక్స్ రేఖ క్షీణించుటకు హేతువిదియే.

ఇచ్చట స్థానిక ప్రశ్న యొకటి పొంచియున్నది: 2022 పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరిన ఆగిరిపల్లియందు 1909లో జన్మించి, 1928లో రామన్ పరిశోధనాలయమున చేరి, 1931లో ఆయనతో ఫోటాన్ భ్రమణమును ప్రయోగపూర్వకముగా నిరూపించినవారు సూరి భగవంతం. 1957–62లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులు.