ఆటగాడిని అంచనా వేయడమూ ఉద్యోగమే

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చేస్తున్న పిల్లల్ని తర్వాత ఏం చేస్తారని అడిగితే బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, బీఈడీ, సాఫ్ట్‌వేర్ అంటారు. ఆటగాళ్లను అంచనా వేసే పని ఒకటుందని, దానికి జీతమిచ్చే జట్లు ఉన్నాయని వాళ్లకు ఎవరూ చెప్పరు. ఆ పని అమెరికా బేస్‌బాల్‌లో ఎంత లోతుకు వెళ్లిందో చూస్తే, మన క్రికెట్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

అక్కడ 30 మేజర్ లీగ్ జట్ల కింద 120 మైనర్ లీగ్ జట్లు నాలుగు అంచెల్లో ఆడతాయి. కింద సింగిల్-ఎ, పైన ట్రిపుల్-ఎ. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు పిచర్. ఆట మొదలుపెట్టిన పిచర్ అలసిపోయాక వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసేవాడు రిలీఫ్ పిచర్. మన టీ20లో 17వ ఓవర్ తర్వాత బంతి అందుకునే బౌలర్ లాంటివాడు. పిచర్లను వెతకడానికి 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అనే పోటీ పెట్టి, ఉత్తరప్రదేశ్ జావెలిన్ త్రోయర్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లను విసురు వేగం చూసి ఏరారు. అప్పటికి వాళ్లిద్దరూ బేస్‌బాల్ ఆడినవాళ్లే కారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. దినేశ్‌ను 2010లో వదులుకుంది. రింకూ రిలీఫ్ పిచర్‌గా 2011లో సింగిల్-ఎ దాకా వెళ్లాడు, తర్వాత గాయాలు పైకి పోనివ్వలేదు. వేగం కొలిచే గన్ ఇద్దరు బలమైన కుర్రాళ్లను చూపించగలిగింది. గురి, రెండో రకం బంతి, ఏళ్ల తరబడి భారం మోయగల భుజం గురించి అది ఏమీ చెప్పలేదు.

రిలీఫ్ పిచర్‌ను లెక్కకట్టడం మరీ కష్టం. అతను వేసేది తక్కువ కాబట్టి అంకెలు తేలిగ్గా మోసం చేస్తాయి. ఒక కుర్రాడు 20 ఇన్నింగ్స్‌లో 5 పరుగులిచ్చాడనుకోండి. పూర్తి మ్యాచ్‌కు, అంటే 9 ఇన్నింగ్స్‌కు, సగటు 2.25, చాలా మంచి అంకె. మర్నాడు ఒక్క ఇన్నింగ్స్‌లో 5 పరుగులిస్తే సగటు 4.29కి చేరుతుంది. ఒక్క సాయంత్రంలో అతని సత్తా సగానికి పడిపోలేదు కదా! పైగా ఆ పరుగుల్లో కొన్ని ఫీల్డర్ల తప్పు కావచ్చు, కొన్ని గాలివాటం. అందుకే అనుభవజ్ఞులు పరుగులను పక్కనపెట్టి, ఎదుర్కొన్న బ్యాటర్లలో ఎందరిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో ఔట్) చేశాడు, ఎందరికి గురితప్పిన బంతులేసి ఊరికే బేస్ ఇచ్చాడు అని చూస్తారు. మేజర్ లీగ్‌లో నూటికి సుమారు 22 మంది స్ట్రైకౌట్ అవుతారు, 8 మందికి పైగా ఊరికే నడుస్తారు. వయసూ చూడాలి. సింగిల్-ఎలో 24 ఏళ్లవాడు 19 ఏళ్లవాళ్లను ఔట్ చేయడం పెద్ద కబురేం కాదు.

శరీరం సంగతి వేరే. భారత సంతతి తల్లికి పుట్టిన కుమార్ రాకర్ 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఒకే మ్యాచ్‌లో 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు, ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 2021లో, జట్లు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో స్థానంలో ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం ఇవ్వకుండా ఆగిపోయింది. మరుసటి ఏడాది టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలోనే తీసుకుంది. 2023లో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది, 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో దిగాడు. ఒకే కుర్రాడిని చూసి రెండు జట్లు రెండు తీర్పులిచ్చాయి. ఈ ఉద్యోగంలో బరువంతా అక్కడే ఉంది. మీ సంతకం కింద ఒక మనిషి బతుకు ఉంటుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. గుంటూరు బిడ్డ ఎం.ఎస్.కె. ప్రసాద్ 2016 నుంచి 2020 దాకా జాతీయ సెలక్షన్ కమిటీ ఛైర్మన్‌గా ఉన్నారు. సెలక్టర్ కావాలంటే పైస్థాయి క్రికెట్ ఆడి ఉండాలి. పెర్ఫార్మెన్స్ అనలిస్ట్‌కు ఆ షరతు లేదు, లెక్కలూ ఆటా తెలిస్తే చాలు. రాష్ట్ర జట్లు, ఐపీఎల్ ఫ్రాంచైజీలు అనలిస్టులను పెట్టుకుంటున్నాయి. పోస్టులు తక్కువ, చాలావరకు సీజన్ కాంట్రాక్టులే. కాబట్టి చదువు మానుకుని ఇటు దూకొద్దు. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేస్తూ, పక్కన పైథాన్, ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి. క్రికెట్‌లో చోటు దొరక్కపోయినా అదే నేర్పును బీమా కంపెనీలూ బ్యాంకులూ కొంటాయి.

సాధనకు డబ్బు అక్కర్లేదు. క్రిక్‌షీట్ అనే వెబ్‌సైట్‌లో క్రికెట్ మ్యాచ్‌ల బంతి బంతికీ వివరాలు ఉచితంగా దొరుకుతాయి. బేస్‌బాల్ సావంత్ అనే వెబ్‌సైట్‌లో 2008 నుంచి మేజర్ లీగ్, 2023 నుంచి ట్రిపుల్-ఎ పిచ్‌ల వేగం, మలుపు కూడా ఉన్నాయి. క్రిక్‌షీట్‌లో బంతి ఎక్కడ పడిందో ఉండదు. ఆ ఖాళీయే మీకు అవకాశమని నా నమ్మకం. 2022లో మొదలైన ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో గానీ, మీ ఊరి టోర్నమెంట్‌లో గానీ ఒక బౌలర్‌ను పట్టుకోండి. చివరి నాలుగు ఓవర్లలో అతను వేసిన ప్రతి బంతినీ రాయండి: యార్కరా, ఫుల్‌టాసా, స్లో బాలా, బ్యాటర్ కుడా ఎడమా, ఫీల్డ్ ఎక్కడ. ఎకానమీ చివర్లో చూడండి. యార్కర్ వేయాలనుకున్నప్పుడు ఎన్నిసార్లు పడిందన్నది ముందు చూడండి. కనీసం ఒక సీజన్ ఓపిక పట్టండి. మూడు మ్యాచ్‌లతో తీర్పు చెప్పకండి.

రెండు పేజీల నివేదికలో బలం, లోపం, ఏ స్థాయిలో నిలబడగలడు, మీ మాట ఎందుకు తప్పు కావచ్చు అన్న నాలుగూ ఉండాలి. చివరిది రాయని నివేదికను మంచి కోచ్ నమ్మడు. జిల్లా కోచ్‌కు, అకాడమీ శిక్షకులకు అదే చూపించి, వచ్చే సీజన్‌లో స్కోరింగ్‌కో వీడియోకో సాయపడతానని అడగండి. బౌలర్ 18 ఏళ్లలోపు వాడైతే వీడియో తీసే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, గాయాల వివరాలను వాళ్లకూ కోచ్‌కూ తప్ప ఇంకెవరికీ ఇవ్వకండి.