నొప్పి లేని రోజున డాక్టరు దగ్గరికి

పల్నాట్లో యాభై దాటిన మగమనిషిని ఒంట్లో ఎట్లా ఉందని అడిగి చూడండి. “నాకేందయ్యా, గుండ్రాయిలాగున్నా” అంటాడు. ఎడమ చెయ్యి లాగుతోందని నాలుగు రోజుల నుంచి భార్యకు కూడా చెప్పి ఉండడు. ఛాతీలో మంట పుడితే గ్యాసు. మెట్లెక్కితే ఆయాసం వస్తే వయసు. అరికాళ్ళు మొద్దుబారితే నిన్న చేలో ఎక్కువసేపు నిలబడ్డం వల్ల. ప్రతి బాధకూ ఓ సాకు తయారుగా ఉంటుంది. బాధ సాకుని మించిపోయినప్పుడు మాత్రం ఆటో కట్టించుకుని నరసరావుపేట పరుగు.

ఈ ధోరణికి మనం పెట్టుకున్న ముద్దుపేరు పౌరుషం. కారెంపూడిలో ఏటా వీరుల ఆరాధన జరిగే గడ్డ కాబట్టి ఇక్కడ ఆ మాటకు గిరాకీ ఎక్కువ. ఓర్చుకోవడం గొప్ప గుణమే, కాదనను. కానీ బీపీ విషయంలో ఓర్చుకోవడానికి అసలు నొప్పే ఉండదు. పదేళ్ళపాటు చప్పుడు చెయ్యకుండా రక్తనాళాలనూ మూత్రపిండాలనూ తినేసి, ఒక తెల్లవారుజామున మూతి వంకర చేసి వెళ్తుంది. షుగరూ అంతే. అందుకే వ్యక్తిత్వం గురించి ఎవరైనా మాట్లాడమంటే ధైర్యం, పట్టుదల, వాక్చాతుర్యం లాంటివాటి జోలికి పోకుండా ఒకటే అడగాలనిపిస్తుంది: ఏ నొప్పీ లేని రోజున, పని మానుకుని, వెళ్ళి డాక్టరు ముందు కూర్చోగలవా? ఈ ఒక్క పని చెయ్యగలిగినవాడికి తన మీద తనకు ఎంత అదుపుందో వేరే పరీక్ష పెట్టక్కర్లేదు.

ఆ కూర్చునే చోటు ఇప్పుడు మరీ దూరంలో కూడా లేదు. 2023 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని రాష్ట్రమంతటికీ మొదలుపెట్టింది మన చిలకలూరిపేట నియోజకవర్గంలోని లింగంగుంట్లలోనే. అప్పటికి పల్నాడు జిల్లా పుట్టి ఏడాది. అప్పుడు చెప్పిన పద్ధతి ఇదీ: రెండున్నర వేల జనాభాకు ఒక విలేజ్ క్లినిక్, రాష్ట్రం మొత్తం మీద 10,032. ప్రతి పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు ఆసుపత్రిలో ఓపీ చూస్తుంటే రెండోవారు 104 బండెక్కి ఊళ్ళకు వస్తారు, ఒక్కో ఊరికి నెలకు రెండుసార్లు. పొద్దున క్లినిక్కులో ఓపీ, మధ్యాహ్నం మంచాన పడ్డవారి ఇళ్ళకు. డాక్టరు రాని రోజుల్లో నర్సింగ్ చదివిన ఆరోగ్య కార్యకర్త, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఉంటారు. 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు అందుబాటులో ఉంచుతామన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, పేర్లూ మారాయి. ఏ బండి ఏ నెలలో రాలేదో, ఏ మాత్ర ఎక్కడ అయిపోయిందో ఊళ్ళో ఎవర్ని కదిలించినా చెబుతారు. అడగాల్సిందే, నిలదీయాల్సిందే. అయితే బండి వచ్చిన రోజున మనం ఏం చేస్తున్నామన్నది వేరే లెక్క.

ఫ్యామిలీ డాక్టరు అంటే పట్నంలో డబ్బున్నవాళ్ళ సంగతి అనుకుంటాం గానీ, పల్లెకు ఆ పాత్ర కొత్తదేమీ కాదు. ఇన్నాళ్ళూ దాన్ని పోషించింది ఆర్‌ఎంపీ. అర్ధరాత్రి తలుపు కొడితే వస్తాడు, అరువు పెడతాడు, ఇంట్లో ఎవరికి ఏ మందు పడదో గుర్తుంచుకుంటాడు. అతను పొడిచే సూది మీద, ఎక్కించే సెలైన్ మీద నాకు నమ్మకం లేదు. జ్వరమొస్తే చాలు యాంటీబయాటిక్, ఒళ్ళు నొప్పులంటే చాలు స్టెరాయిడ్ అనే వైద్యం చేసే చెరుపు చిన్నది కాదు. అయినా జనం అతని దగ్గరికే ఎందుకు వెళ్తారంటే, అతను వాళ్ళను ఎరుగును. ఆ ఎరిగి ఉండటంలోనే సగం వైద్యం ఉంది. చదువుకున్న డాక్టరుకు మనతో ఆ పరిచయం ఏర్పడే అవకాశం మనం ఇస్తున్నామా?

పరిచయంలోనే సగం వైద్యమన్నది ఊరికే అంటున్న మాట కాదు. నార్వేలో దాదాపు ప్రతి మనిషికీ పేరు రాసిపెట్టిన డాక్టరు ఉంటారు. అక్కడి లక్షల మంది రికార్డులు తిరగేసి 2021లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. ఒకే డాక్టరును పదిహేనేళ్ళకు పైగా అంటిపెట్టుకున్నవాళ్ళలో, ఏడాది పరిచయమే ఉన్నవాళ్ళతో పోలిస్తే, ఆదరాబాదరా ఆసుపత్రిలో చేరడాలు, చావులు రెండూ దాదాపు నాలుగో వంతు తక్కువగా కనిపించాయి. మందులు అవే, ఆసుపత్రులు అవే.

ఇంకా దగ్గరి పోలిక కావాలంటే వేల్స్ దేశంలో గ్లింకోరుగ్ అనే ఊరుంది. బొగ్గుగనుల ఊరు, సుమారు రెండు వేల మంది జనం, అంటే మన విలేజ్ క్లినిక్ లెక్కకు కాస్త తక్కువ. 1960ల మొదట్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు అక్కడ కుదురుకుని పాతికేళ్ళు పైగా ఉండిపోయాడు. జబ్బుతో వచ్చినవాళ్ళకు మందిచ్చి పంపడంతో ఆయనకు తృప్తి కలగలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళలో దాదాపు అందరికీ, రానివాళ్ళను కూడా పిలిపించి, బీపీ చూశాడు. ఎక్కువున్నవాళ్ళను ఏళ్ళ తరబడి వదల్లేదు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే అది తక్కువగా అందుతుందని 1971లో లాన్సెట్ పత్రికలో రాసింది ఆయనే. పాతికేళ్ళ తర్వాత లెక్క చూస్తే, పక్కనే ఉన్న అలాంటి గని ఊరి కంటే గ్లింకోరుగ్‌లో అకాల మరణాలు పాతిక శాతానికి పైగా తక్కువ. ఆయన చేతిలో ఉన్న పెద్ద యంత్రమల్లా బీపీ పట్టీ.

మన దగ్గర మాత్రం ఈ మధ్య ఫుల్ బాడీ చెకప్ మోజు పట్టుకుంది. పండగ ఆఫర్లట, డెబ్భై పరీక్షలట, రంగుల పుస్తకంలా రిపోర్టు వస్తుంది. అందులో ఎక్కడో ఒక అంకె నల్లగా ముద్దక్షరాల్లో కనిపిస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆ అంకె మనకు వర్తిస్తుందో లేదో చెప్పాల్సినవాళ్ళు మన పేరు కూడా ఎరగరు. జబ్బు లేనివాళ్ళందరికీ మూకుమ్మడిగా చేసే ఇలాంటి చెకప్‌ల వల్ల ఆయుష్షు పెరుగుతుందా అని, రెండు లక్షల మందికి పైగా పాల్గొన్న అధ్యయనాలన్నిటినీ కలిపి కోక్రేన్ సంస్థ 2019లో తేల్చింది: మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పరీక్షలు దండగని దీనర్థం కాదు. ఎవరికి ఏది అవసరమో తెలిసి చెయ్యాలి. ముప్పై దాటినవాళ్ళకు బీపీ, షుగరుతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల పరీక్షలు మన ఊరి క్లినిక్కు ద్వారానే ఉచితంగా జరగాలని జాతీయ కార్యక్రమమే ఉంది. ముందు అవి పూర్తి చేసుకుని, తర్వాత ఆఫర్ల సంగతి చూడొచ్చు.

బీపీ పట్నవాసపు జబ్బనే భ్రమ కూడా వదిలించుకోవాలి. 2003-04 నాటికే గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు దేనివల్ల చనిపోతున్నారో ఇంటింటా అడిగి రాశారు. దాదాపు మూడో వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలవి దానిలో సగం కూడా లేవు. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో 11.4 శాతం మందికి షుగరు, 35.5 శాతం మందికి బీపీ ఉన్నాయని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. పల్నాడు దీనికి అతీతం కాదు. శ్రీనాథుడంతటివాడు ఇక్కడి జొన్నకూడు, సజ్జకూడు చూసి విసుక్కున్నాడని చెప్పుకుంటాం. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలాక కాలువ కింద వరి వచ్చింది, మూడు పూటలా తెల్లన్నం వచ్చింది, పక్కన ఉప్పూకారం దట్టించిన పచ్చడి ఎలాగూ ఉంది. కాలువ రాని వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టల్లో కూడా కంచంలోకి బియ్యమే వచ్చాయి. ఇప్పుడు షుగరు వచ్చినవాళ్ళు కిలో ఇంతని జొన్నలు కొనుక్కుంటున్నారు. శ్రీనాథుడు వింటే నవ్వుకునేవాడు.

మనిషికి తగ్గ వైద్యమంటే జన్యు పరీక్షల దాకా పోనక్కర్లేదు. ఏం పని చేస్తాడో, ఏ నీళ్ళు తాగుతాడో తెలిస్తే మొదటి మెట్టు ఎక్కినట్టే. మిరప చేలో పురుగుమందు కొట్టే రైతుకు ఎదురుగాలిలో కొట్టొద్దని, మూతికి గుడ్డ చాలదని, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు విడిగా ఉతకమని చెప్పాలి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనిచేసేవాడి దగ్గును సిగరెట్టు దగ్గనుకుని వదిలెయ్యకూడదు. నరసరావుపేటలో పొద్దస్తమానం కొట్లో కూర్చునే వ్యాపారి నడుముకు టేపు చుట్టాలి. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే ఆలోచించాలి. రెంటచింతల ఎండలు పేపర్లో పడే రోజుల్లో బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వాడేవాళ్ళు, మోతాదు సంగతి వేసవికి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. షుగరుతో స్పర్శ పోయిన పాదానికి ఆ కాలే నేల మీద బొబ్బ లేచినా తెలియదు. రోజూ రాత్రి అరికాలు చూసుకోవడం, వంగలేకపోతే అద్దం పెట్టుకునో మనవడితో చూపించుకునో, వాళ్ళకు పళ్ళు తోముకోవడమంత తప్పనిసరి.

నీళ్ళ విషయం ఇంకా చిత్రం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటగా గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. వినుకొండ, బొల్లాపల్లి వైపు కూడా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ బాధ ఉంది. అలాంటి ఊరి మనిషి నడుము పట్టేసిందంటే, ఊరి నీళ్ళ సంగతి తెలిసిన డాక్టరు ఒక రకంగా ఆలోచిస్తారు, తెలియని డాక్టరు నొప్పి బిళ్ళ రాసి పంపిస్తారు. ఆ నొప్పి బిళ్ళలే నెలల తరబడి మింగితే మూత్రపిండాలకు చేటు. కూలిపని చేసేవాళ్ళు మందుల షాపులో చిల్లరగా రెండేసి కొనుక్కుని వేసుకునేవి డాక్టరుకు చెప్పరు. అవి మందుల కింద లెక్కకే రావనుకుంటారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 104 బండి వచ్చిన రోజున క్లినిక్కు వరండాలో ఒకసారి కూర్చుని చూడండి. బల్లకు అటు డాక్టరు, ఇటు మనిషి, వెనక ఇరవై మంది. “మాత్రలు రోజూ వేసుకుంటున్నావా పెద్దాయనా?” “వేసుకుంటున్నా మేడమ్.” బీపీ యంత్రం 170 చూపిస్తుంటుంది. పాలిథిన్ కవర్లో పోయిన నెల మాత్రలు సగం అలాగే ఉన్నాయి, కవర్ చంకలో ఉంది. ఒక మాత్రకు లొంగలేదనుకుని ఆవిడ రెండోది కలుపుతారు. ఎప్పుడో కొడుకు కోప్పడ్డ రోజున ఆయన బుద్ధిగా రెండూ వేసుకుంటాడు, ఒక్కసారిగా కళ్ళు తిరిగి బాత్రూంలో పడతాడు. ‘ఈ మందులు పడవు’ అని మొత్తం మానేస్తాడు. ఆ ఒక్క అబద్ధం ఆయన చెడ్డవాడై చెప్పింది కాదు. వెనక వియ్యంకుడి ఊరివాళ్ళున్నారు, మేడమ్ ఏమనుకుంటారో అన్న మొహమాటం ఉంది. తాగుడు సంగతి, చుట్ట సంగతి, ఆడవాళ్ళకైతే ఇంకా చెప్పుకోలేనివి, ఆ వరండాలో నోరు దాటి రావు. ఇంట్లో అందరి తర్వాత తినే తల్లి తన నీరసాన్ని ‘మామూలే’ అంటుంది. గర్భాశయ పరీక్షంటే సిగ్గుతో వెనకడుగు వేస్తుంది.

దీనికి నాకు తెలిసిన ఉపాయాలు పెద్దవేమీ కావు. ఓపీ ముగిసేదాకా ఆగి చివర్లో మాట్లాడటం. “కాస్త లోపలికి వస్తారా మేడమ్, ఒక మాట” అనడం. నోట చెప్పలేనిది చీటీ మీద రాసి ఇవ్వడం. ‘వారానికి మూడు రోజులు మర్చిపోతున్నానండీ’ అన్న వాక్యం పలకడానికి వేదికెక్కి ఉపన్యాసం ఇచ్చేంత ధైర్యం కావాలి. అలవాటైతే మాత్రం జీవితంలో మిగతాచోట్ల కూడా నిజం మాట్లాడటం సులువవుతుంది. అప్పుల సంగతి భార్యకు చెప్పలేనివాడు మాత్రల సంగతి డాక్టరుకు చెప్పడం ఎట్లా అంటారేమో. నా అనుభవంలో ముందు డాక్టరుకు చెప్పడమే తేలిక.

బీపీ చూపించుకోవడానికి కూడా ఓ పద్ధతుంది. సైకిలు తొక్కుకుంటూ వచ్చి, టీ గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపితే వచ్చే అంకె అసలు అంకె కాదు. అరగంట ముందు నుంచి టీ, బీడీ వద్దు. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. రెండుసార్లు చూడమని అడగాలి. 140/90 దాటి వస్తే కంగారుపడకుండా మరో రోజు మళ్ళీ చూపించుకోవాలి. ఆ అంకెను, తేదీని రాసిపెట్టుకోవాలి.

ఎక్కడంటే, పిల్లల బడి నోట్‌బుక్కొకటి చాలు. మొదటి పేజీలో పుట్టిన సంవత్సరం, పడని మందులు, అయిన ఆపరేషన్లు, అమ్మానాన్నలు దేనితో పోయారు, ఏ వయసులో. మన ఇళ్ళల్లో ‘నాన్న నిద్రలోనే పోయాడు’ అంటాం, నలభై ఎనిమిదేళ్ళకు పోయాడన్న సంగతి మింగేస్తాం. డాక్టరుకు కావాల్సింది ఆ నలభై ఎనిమిదే. తర్వాతి పేజీల నుంచి తేదీల వారీగా బీపీ, షుగరు, వాడుతున్న మాత్రల పేర్లు, ఆర్‌ఎంపీ వేసిన సూదులతో సహా. ఫోన్లో 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఉన్నా సరే ఈ పుస్తకం ఉండాలి. సర్వరు పనిచెయ్యకపోయినా పుస్తకం తెరుచుకుంటుంది.

పీహెచ్‌సీ డాక్టర్లు ఎక్కువకాలం ఉండరు, పీజీ సీటొస్తే వెళ్ళిపోతారన్నది నిజమే. మన చేతుల్లో లేదు. కొత్తగా వచ్చినవాళ్ళ ముందు బల్ల మీద ఆ నోట్‌బుక్కు పెడితే, మూడేళ్ళ అంకెలు, అమ్మానాన్నల వయసులు, మానేసిన మాత్రలు రెండు నిమిషాల్లో చదివేస్తారు. చదివాక తలెత్తి అడిగే మొదటి ప్రశ్న ‘ఏమైంది?’ అని ఉండదు. ‘డిసెంబరు నుంచి పెరిగింది, అప్పుడేమైనా జరిగిందా?’ అని ఉంటుంది.