శరత్కాలపు అడవిలెక్క: మారేడుమిల్లి పోవు సభ్యులకు పాఠము

తేదీ లేని పద్దును సంఘపు లెక్కల తనిఖీదారు అంగీకరింపడు. ఎవరికి, ఎంత, ఎప్పుడు, దేనినిమిత్తము అనునవి తెలిసిననే అది పద్దగును. అడవిలోని మృగపక్షుల విషయమునను నియమ మిదియే. “మా కొండపై ఎలుగులు మెండు” అని చెప్పిన నెవ్వరికిని నిలుకడయైన జ్ఞానము కలుగదు. ఫలానా ఉదయమున, ఫలానా వాగు గట్టున, పిల్లతోగూడిన ఎలుగు నొకదానిని చూచితిమని వ్రాసినచో అది పదియేండ్ల తరువాతను పనికివచ్చును.

కాలము, స్థలము

రంపచోడవరమునుండి చింతూరు పోవు ఘాటుమార్గమున మారేడుమిల్లి యున్నది. చుట్టును వెదురు, మద్ది, జీలుగు చెట్లతో నిండిన కొండలు. వాగుల వెంబడి కొండరెడ్ల గ్రామములు. 1978లో అభయారణ్యముగను, 2008లో జాతీయవనముగను ప్రకటింపబడిన పాపికొండల అడవి దీనికి సమీపముననే కలదు.

ఆశ్వయుజ కార్తికములు లెక్క ప్రారంభించుటకు అనుకూలమైన మాసములు. వానలు తగ్గి వాగులు తేరుకొనును. గట్లపై మిగిలిన మెత్తని బురదలో అడుగుజాడలు చక్కగా పడును. ఉత్తరదేశపు వలసపక్షులు దిగుచుండును. అక్టోబరు 2 మొదలు 8 వరకు దేశమంతట జరుగు వన్యప్రాణి వారోత్సవమును ఈ ఋతువుననే వచ్చును.

వ్రాసిన లెక్కకు గల విలువ

కలివికోడి యను పక్షికి 1848లో శాస్త్రజ్ఞులు నామకరణము చేసిరి. 1900 తరువాత అది ఎవరికిని కనబడినట్లు లెక్క లేకపోవుటచే నశించినదనియే తలచిరి. 1986లో కడప జిల్లాలో గ్రామవాసియగు నొక పిట్టలవేటకాని ఎరుకవలననే అది మరల లోకమునకు తెలియవచ్చినది. పిదప దానికొరకు లంకమల అడవి అభయారణ్యమైనది. తెలుగుగంగ కాలువ మార్గము సైతము మార్పబడినది. 2025 ఆగస్టులో చాలకాలమునకు దాని కూత మరల యంత్రమున నమోదైనది. కంటబడకున్నను, చెవికి వినబడినదియు లెక్కయే యని దీనివలన గ్రహింపవచ్చును.

మన తూర్పుకనుమలకే మరియొక నిదర్శనము గలదు. విశాఖపట్టణపు కొండలలోని ఒక చిన్న అడవిపిట్ట ఉపజాతిని 1985లో రిప్లీ, బీలర్ అను శాస్త్రజ్ఞులు వర్ణించి, ఆ కొండల పక్షులను శ్రద్ధతో పరిశీలించిన కృష్ణరాజుగారి పేరు దానికి పెట్టిరి.

ఏమి చూడవలెను

ఈ ఋతువున గడ్డి ఏపుగా నుండుటచే మృగములు తరచు కనబడవు. కావున నేలను చదువవలెను. పిల్లిజాతి మృగముల జాడ గుండ్రముగా నుండి, నడచునప్పుడు గోటిగుర్తులు పడవు; నక్క, కుక్క జాడలలో గోళ్ళు తెలియును. ఎలుగు వెనుకపాదము మనుష్యుని పాదమును పోలియుండి, ముందు గోటిగుర్తులు చూపును. త్రవ్విన చెదపుట్టలును దానినే సూచించును. అడవిపంది జాడలో రెండు గిట్టలకు వెనుక రెండు చిన్న గుర్తులు మెత్తని నేలపై తరచు కనబడును. జాడప్రక్క కొలబద్ద నుంచి పొడవు వెడల్పులు వ్రాసికొనవలెను.

చెట్లకొమ్మలపై బెట్టుడుత, పొదలలో అడవికోడి, వాగు రాళ్ళపై పసుపు పొట్టతో తోక నాడించు వలసపిట్టయు గమనింపదగినవి. నల్లని రెక్కలపై లేతనీలపు చారలుగల సీతాకోకచిలుకలు గుంపుగా సాగిపోవుచున్న యెడల, ఏ దిక్కునుండి ఏ దిక్కునకో తప్పక వ్రాయవలెను. దక్షిణదేశమున ఇట్టివి ఋతువు ననుసరించి వలసపోవును.

వ్రాయు విధము

ఒక్కొక్క పద్దున ఈ క్రింది విషయములు ఉండవలెను.

1. తేదీ, వేళ, మబ్బో ఎండయో.
2. స్థలము: గ్రామము, వాగు, మైలురాయి.
3. ప్రాణి పేరు. ఆ గ్రామమువారు పిలుచు పేరే ముందు వ్రాయవలెను. తెలియనిచో రంగు, పరిమాణము, తోక, ముక్కు వర్ణింపవలెను.
4. సంఖ్య, లెక్కించినదో, అంచనాయో.
5. చూచినదా, విన్నదా, జాడమాత్రమా.
6. అది చేయుచున్న పని.
7. చూచినవారి పేరు.

సందేహమున్నచోట “సందేహము” అనియే వ్రాయవలెను. ఊహను నిశ్చయముగా వ్రాసిన పద్దు పుస్తకమంతటికిని చెరుపు చేయును. రెండుగంటలు తిరిగి ఏమియు కానకున్నను ఆ మాటయు వ్రాయవలెను. మరుసటి సంవత్సరముతో పోల్చుటకు అదియే ఆధారము. పక్షుల పద్దులను ఈ-బర్డ్ వంటి సార్వజనిక పట్టికలలోనికి చదువుకొన్న యువకులు చేర్పవచ్చును.

రైతునకు ప్రయోజనము

చోడి, సామ, కంది చేలు కోతకు వచ్చు దినములలో పందుల బెడద హెచ్చును. అవి ఏ దారిని, ఏ వేళ దిగుచున్నవో రెండు మూడేండ్ల పద్దులున్నచో, పదిమంది రైతులు వంతులవారీగా కావలి యుండుటకు వీలగును. అటవీశాఖకు అర్జీ యిచ్చునపుడును తేదీలతో కూడిన లెక్క బలముగా నిలుచును. చేనిచుట్టు విద్యుత్తీగ పన్నుట మాత్రము నేరము. దానివలన మన పిల్లలే చనిపోవచ్చును.

జాగ్రత్తలు

అటవీశాఖవారి అనుమతి పొంది, గ్రామమువాని నొకనిని తోడుగొని పోవలెను. గూళ్ళను కదల్పరాదు, పిల్లలతోనున్న ఎలుగును సమీపింపరాదు. అపూర్వమైన ప్రాణి కనబడినచో దాని ఉనికిని సంతలో చాటక, అధికారులకు మాత్రము తెలుపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి వేట శిక్షార్హము.

సభ్యులు చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున పూర్వ ముండి యిపుడు కానరాని ప్రాణు లెవ్వి? వృద్ధు లేమందురు?
2. గత శరత్కాలమున పందులు ఏ చేలలో, ఏ వారమున దిగినవి?
3. సంఘ కార్యాలయమున అడవిలెక్క పుస్తకము నుంచినచో దానిని వ్రాయు భార మెవరు వహింతురు?

మూడవ ప్రశ్నకు రాబోవు సమావేశముననే సమాధానము నిర్ణయించి, ఈ కార్తికముననే మొదటి పద్దు వ్రాయుట మంచిది.