పరాయివాళ్ళు తప్పు పడితే నవ్వుతాడు, మేమంటే తలుపేసుకుంటాడు

సమస్య: మాది తాడేపల్లిగూడెం. మా ఆయనకి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. అబ్బాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు. సెలవుల్లో అమీర్‌పేటలో కోచింగ్‌కి పంపుదామంటే వెళ్ళనంటున్నాడు. ఓపెన్ సోర్సట, సింపై అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌కి ఊరికే కోడ్ రాసిపెడుతున్నాడు. కాలేజీలో ఓ మేడమ్ దగ్గర, వరి ఆకుల ఫొటోలు చూసి తెగులేదో చెప్పే రీసెర్చ్ ప్రాజెక్టు ఒకటి. దానికీ పైసా రాదు. అర్ధరాత్రి దాటినా లాప్‌టాప్ ముందే. ఒకరోజు వెనకనించి తొంగిచూశాను. ఎవరో పైదేశం వాళ్ళు వాడు రాసినదాని కింద వరసగా తప్పులు చూపించారు. వీడేమో నవ్వుకుంటూ దిద్దుకుంటున్నాడు! అదే మేం ఒక్క మాటంటే కంచం ముందునించి లేచిపోయి గది తలుపేసుకుంటాడు. మా బావగారబ్బాయి క్యాంపస్‌లోనే ఉద్యోగం కొట్టాడు. 'మనవాడు చెడిపోయాడు' అని మా ఆయన తేల్చేశారు. నన్నేం చెయ్యమంటారు?
- ఒక తల్లి

సలహా: అమ్మా, కోచింగ్ గొడవ ఒక్కటే అయితే మీ ఉత్తరం పక్కన పెట్టేదాన్ని. పరాయివాళ్ళు తప్పులు చూపిస్తే నవ్వుతూ దిద్దుకునే పిల్లాడు మీ మాటకి అన్నం మానేసి లేచిపోతున్నాడన్నారే, అందుకు రాస్తున్నాను.

ముందు మీ భయం సంగతి. వాడు చేసేది వృథా పని కాదు. ఆ కోడంతా వాడి పేరు మీదే అందరికీ కనబడుతుంది, రేపు ఇంటర్వ్యూలో చూపించుకోవచ్చు. డబ్బొచ్చే దారీ ఉంది. ఓపెన్ సోర్స్‌కి కోడ్ రాసే కొత్తవాళ్ళకి డబ్బిచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం 2005 నించి నడుస్తోంది. అందులో సింపై ద్వారా చేరాలంటే ముందు చిన్న మార్పైనా రాసిచ్చి వాళ్ళని ఒప్పించాలి. మీకు ఊరికే చేస్తున్నట్టు కనిపించేది అదే. ఎంపికైతే మధ్యలో ఒకసారి, చివర ఒకసారి పని చూసి స్టైపెండ్ ఇస్తారు. ఇలాంటి ఓపెన్ సోర్స్ పనికే ఐఐటీ బొంబాయి వారి ఫోసీ ఫెలోషిప్ కూడా ఉంది. ఎంపికవుతాడని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి బ్యాక్‌లాగులు పెట్టుకోవద్దనండి, ఆప్టిట్యూడ్ రోజూ ఓ గంట చెయ్యమనండి. ఫీజు కడితే సర్టిఫికెట్ ఇస్తామనే ఇంటర్న్‌షిప్‌లకి మాత్రం రూపాయి కట్టకండి.

ఇక అసలు విషయం. తప్పులు చూపించే ఆ పైదేశం వాళ్ళు వాడికి ఏం రాస్తారనుకున్నారు? 'ఖాళీ జాబితా ఇస్తే ఈ ఫంక్షన్ ఆగిపోతోంది. దానికో టెస్ట్ రాసి మళ్ళీ పంపు.' ఇలాంటివే. తప్పు ఏ లైనులో ఉందో, ఎందుకు తప్పో, ఏం చెయ్యాలో అందులోనే ఉంటుంది. దిద్దాక తీసేసిన లైను ఎర్రగా, చేర్చింది పచ్చగా కనబడుతుంది. బాగుంటే కలిపేసుకుంటారు, అంతటితో సరి. అక్కడా నోటిదురుసు మనుషులు లేకపోలేదు. లినక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ళ తరబడి ఈమెయిళ్ళలో తిట్టిపోసి, 2018లో అందరికీ క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పని నించి తప్పుకున్నాడు. అంతటివాడే దిగొచ్చాడు.

మన ఇళ్ళలోనో? 'రాత్రిళ్ళు ఆ మేలుకోవడం ఏమిటి'తో మొదలై, 'పెదనాన్న కొడుకుని చూడు' మీదుగా 'చెడిపోయావు' దగ్గర తేలుతుంది. ఇందులో పిల్లాడు దిద్దుకోడానికి ఏముంది? పెదనాన్న కడుపున పుట్టలేడు కదా! మీ ఆయన కొట్టుకి ఎవరైనా తిరగని ఫ్యాను తెస్తే కెపాసిటర్ పోయిందా, వైండింగ్ కాలిందా అని చూస్తారు. ఫ్యాను చెడ్డదని తిట్టి పంపరు. సొంత కొడుక్కి ఆపాటి ఓపిక చాలదా?

మీ ఒక్క ఇల్లనే కాదు. కూరలో ఉప్పెక్కువైతే ఉప్పెక్కువైందని ఎవరంటారు? 'మీ పుట్టింట్లో ఇదేనా నేర్పింది' అంటారు. ఆరో క్లాసులో తప్పిన లెక్కల పరీక్షని పెళ్ళిచూపుల నాటికీ తవ్వి తీస్తారు. పైగా 'నీ మంచికే' అని ఓ ముక్తాయింపు. నలుగురూ చేరేది భోజనాల దగ్గరే కాబట్టి విచారణ కూడా అక్కడే! చివరికి పిల్లలు నేర్చేదేమిటి? తప్పు దిద్దుకోవడం కాదు, దాచుకోవడం. ఉద్యోగం పోయిన సంగతి ఆర్నెల్లు ఇంట్లో చెప్పని కొడుకులూ, అత్తింటి కష్టం గొంతుదాకా వచ్చినా పుట్టింటికి ఫోను చెయ్యని కూతుళ్ళూ ఇలాంటి ఇళ్ళలోంచే వస్తారు.

మీరేం చెయ్యాలంటారా, వచ్చే ఏడు ఉద్యోగానికి ఏయే ప్రయత్నాలు చేస్తాడో వాడినే ఒక కాగితం మీద రాసివ్వమనండి. మీరిద్దరూ కూర్చుని చదవండి. నచ్చనిచోట నచ్చలేదనండి, ఎందుకో కూడా చెప్పండి. బావగారబ్బాయి పేరు మాత్రం ఎత్తొద్దు. చెబితే దిద్దుకునే అలవాటు వాడికి ఎలాగూ ఉంది. చెప్పడం నేర్చుకోవాల్సింది మీరిద్దరే.